పడనివి రెండే, మానేసినవి పదకొండు

భివండి నుంచి ఒక తల్లి ఉత్తరం రాసింది. పేరు వేయొద్దన్నది, వేయను. కొడుకుకు రెండేళ్లు నిండాయి. బరువు 9 కిలోల 100 గ్రాములు. పాలు తాగితే ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయట. ఒకసారి గుడ్డు పెట్టిన తెల్లారి గోక్కున్నాడని గుడ్డు మానేసింది. గోధుమ రొట్టె మీద అనుమానం. చేప అసలే పెట్టలేదు. "పెడితే పడదు, పెట్టకపోతే పెరగడు. మా అత్తగారింటోళ్లు నేనే పిల్లగాన్ని ఎండబెడుతున్న అంటున్నరు. ఏం చెయ్యాలె అక్కా?" అని అడిగింది.

ఈ ఉత్తరాన్ని రెండు రోజులు పక్కన పెట్టాను. జవాబు తెలియక కాదు. జవాబు చెప్పాలంటే మా ఇంట్లో జరిగింది చెప్పాలి. అందులో తప్పు నాది.

22 ఏళ్లు అంగన్‌వాడీలో పనిచేసినదాన్ని నేను. సోలాపూర్‌లో మా పేటలో నా చేతుల మీదుగా తూకం చూసుకోని పిల్లలు తక్కువ. ఎవరి బిడ్డ ఎంత తూగిందో, ఎవరిది పచ్చగీత, ఎవరిది పసుపుగీత, ఎవరిది ఎర్రగీత అని కార్డు మీద చుక్క పెట్టిన చేయి ఇది. అటువంటిదాన్ని, నా సొంత మనుమరాలి విషయంలో గుడ్డిదాన్నయ్యాను.

పిల్లకు ఏడో నెలలో కోడలు మళ్లీ బీడీల పనికి కూర్చుంది. చన్నుపాలతో పాటు ప్యాకెట్ పాలు నీళ్లు కలిపి పట్టాము. ఏడాది నిండకముందు ఆ పని చేయొద్దని పేటంతా తిరిగి చెప్పింది నేనే, ఇంట్లో చేసిందీ నేనే. అరగంటలో నోటి చుట్టూ ఎర్రగా పొంగింది, కక్కింది. రెండోసారి పడితే అదే వరుస. కోడలు పాలు మానేసింది. మంచి పనే చేసింది. ఆ తర్వాత భయం పట్టుకుంది. పల్లీలు నాకితే పెదవి ఉబ్బిందని పల్లీలు మానేసింది. ఒక్కొక్కటిగా గుడ్డు, గోధుమ, చేప, వంకాయ, టమాట, అరటిపండు (జలుబు చేస్తుందని), కందిపప్పు (వేడి అని), కోడికూర. నువ్వులు పెట్టి చూడనే లేదు, అయినా మానేసింది. లెక్కేస్తే పదకొండు. మిగిలింది అన్నం, పలచటి పెసరకట్టు, ఆలుగడ్డ, నీళ్లలాంటి రాగిజావ, పాలు లేని చాయ్‌లో ముంచిన భాకరి ముక్క.

రెండేళ్ల రోజున నేనే తూచాను. 8 కిలోల 300 గ్రాములు. ఆడపిల్లకు రెండేళ్లకు 9 కిలోల కన్నా తక్కువుంటే తక్కువ బరువు కింద లెక్క, 8.1 కన్నా తగ్గితే తీవ్రంగా తక్కువ. మగపిల్లలకు ఆ లెక్కలు 9.7, 8.6. మా పిల్ల ఎర్రగీతకు ఒక్క అంగుళం పైన నిలబడి ఉంది.

నాకు కోపం వచ్చింది. కోపం పిల్ల మీద కాదు, కోడలి మీద. "మా కాలంల ఇవన్నీ లేవు. నలుగురు పిల్లల్ని పెంచిన, ఎవరికీ ఏం పడకపోలే. పెట్టకపోతే అలవాటు ఎట్లయితది? జెర జెర పెడితే ఒళ్లే సర్దుకుంటది" అన్నాను. కోడలు "వద్దత్తమ్మా, పల్లీలు మాత్రం వద్దు, నేను చూసిన" అన్నది. ఆ మాట నా చెవికెక్కలేదు.

ఒక మధ్యాహ్నం కోడలు బీడీలు అప్పజెప్పను కార్ఖానాకు పోయింది. పిల్ల ఒడిలో ఉంది. వేడి అన్నంలో అర చెంచా శేంగా చట్నీ, కొంచెం నూనె కలిపి నాలుగు ముద్దలు పెట్టాను. మన సోలాపూర్ ఇంట్లో శేంగా చట్నీ లేని పూట ఏది? పిల్ల ఇష్టంగానే తిన్నది. "చూసినవా, ఏమైంది?" అని నాలో నేనే అనుకున్నాను.

పది నిమిషాలు పట్టలేదు. ముందు చెవులు ఎర్రబడ్డాయి. పెదవులు ఉబ్బాయి. ఒంటి మీద రూపాయి బిళ్లలంత దద్దుర్లు. కక్కింది. ఆ తర్వాత దగ్గు మొదలైంది, గొంతు బొంగురుపోయింది, ఏడుపు కూడా సరిగా రాలేదు. పక్కింటి అబ్బాయి ఆటో తీశాడు. దవాఖానలో తొడకు ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. కొద్ది నిమిషాల్లో ఊపిరి తేలికపడింది. తగ్గిన తర్వాత కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టే వీలుందని ఆ రాత్రి అక్కడే ఉంచుకున్నారు. కోడలు బీడీల చాట కూడా దించకుండా ఉరికివచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. తొమ్మిది రోజులు ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ డాక్టరమ్మ గురించి చెప్పాలి. ఆమె తిట్టలేదు. మర్నాడు కోడల్ని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మానేసిన పదకొండింటినీ ఒక కాగితం మీద రాయించింది. ఒక్కొక్కదానికి మూడే ప్రశ్నలు. ఎంత తిన్నది? ఎంతసేపటికి వచ్చింది? మళ్లీ తిన్నప్పుడు మళ్లీ అదే వచ్చిందా?

పాలు: అరగంటలో, రెండుసార్లూ. పల్లీలు: నిమిషాల్లో, రెండుసార్లూ. గుడ్డు తిన్నది సాయంత్రం, గోక్కున్నది మర్నాడు మధ్యాహ్నం, అదీ ఒక్కసారే, అప్పుడు చెమటకాయలు పొక్కిన ఎండాకాలం. గోధుమ అన్నది నిజానికి బిస్కెట్టు. బిస్కెట్టులో పాలపొడి ఉంది. వట్టి చపాతీ తిన్న రోజు ఏమీ కాలేదని కోడలికే గుర్తొచ్చింది. టమాట తింటే నోటి చుట్టూ మాత్రమే ఎర్రబడేది. పులుపు తగిలి పసిచర్మం అలా మండడం మామూలే. వంకాయ, అరటిపండు, కందిపప్పు, కోడికూర, వీటికి చెప్పడానికి ఏమీ లేదు. పెద్దవాళ్ల మాటలు, అందులో సగం నా మాటలే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మనం 'పడదు' అనే ఒక్క మాటతో అన్నీ చెప్పేస్తాము. వంకాయ పడదు, ఎండ పడదు, ఆడబిడ్డ మాట పడదు. డాక్టరు భాషలో అలర్జీ అంటే వేరు. తిన్నదాన్ని ఒళ్లు శత్రువనుకుని తిరగబడడం. చాలామటుకు నిమిషాల్లో, ఎక్కువలో ఎక్కువ రెండు గంటల్లో బయటపడుతుంది. దద్దుర్లు, వాపు, వాంతి, దగ్గు, పిల్లికూతలు. కొందరు పసిపిల్లల్లో పాల అలర్జీ నిదానంగా వస్తుంది, విరేచనంలో రక్తపు చారలు కనిపిస్తాయి. అదైనా డాక్టరు చూడాల్సిందే. పాలు తాగితే కడుపు ఉబ్బి నీళ్ల విరేచనాలు మాత్రమే అవుతుంటే అది మరొకటి కావచ్చు, పాలలోని చక్కెర అరగకపోవడం. విరేచనాలు పట్టి తగ్గిన పిల్లలకు కొన్నాళ్లు అట్లా ఉంటుంది, వాళ్లకు పెరుగు సరిపడవచ్చు. నిజంగా పాల అలర్జీ ఉన్న బిడ్డకు పెరుగూ వద్దు, పేడా వద్దు. ఈ రెంటినీ కలిపేసుకుంటే ఒకరికి అనవసరంగా ఆకలి, ఇంకొకరికి ప్రాణం మీదికి.

రక్తపరీక్ష చేయించమని పక్కింటావిడ చెప్పింది. ఒక్క చుక్కలో యాభై వస్తువులు తేల్చే పరీక్ష ఉందట. డాక్టరమ్మ వద్దన్నది. పరీక్షలో గీత వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు, తిని బాగానే ఉన్న వస్తువుకు కూడా గీత రావచ్చు, ఆ కాగితం పట్టుకుని మీరు ఇంకో పది మాన్పిస్తారు అన్నది. అనుమానం ఉన్న వస్తువుకే పరీక్ష, అదీ చెప్పిన చరిత్రతో కలిపి చూడాలి. గుడ్డు, నువ్వులు తన ముందే పెట్టించింది. ముందు గోరంత, కాసేపాగి ఇంకొంచెం, ఇంకొంచెం, తర్వాత రెండు గంటలు కూర్చోబెట్టింది. పిల్ల ఆడుకుంటూ కూర్చుంది. మిగతావి ఇంట్లో ఒక్కొక్కటి మూడేసి రోజుల తేడాతో మొదలుపెట్టమన్నది. నెలన్నరలో పదకొండులో తొమ్మిది వెనక్కి వచ్చాయి. పాలు, పల్లీలు రెండే మిగిలాయి.

ఆ రెండు మాత్రం ఖచ్చితం. జెర జెర పెట్టి అలవాటు చేద్దామన్న నా తెలివి ఇంట్లో చేసే పని కాదు. పాల అలర్జీ పెరిగేకొద్దీ చాలామంది పిల్లలకు పోతుంది, పల్లీలది పోవడం తక్కువ. పోయిందో లేదో చూడాల్సింది దవాఖానలో, మందు పక్కన పెట్టుకుని. భివండి బిడ్డా, నువ్వు గుడ్డును మళ్లీ మొదలుపెట్టాలన్నా ముందు అడిగి మొదలుపెట్టు, నీ అంతట నువ్వు కాదు.

ఇక బరువు. పిల్లకు తొమ్మిది రకాలు వెనక్కి వచ్చినా బరువు ఒక్కసారిగా రాలేదు. మొదటి నెల 100 గ్రాములే. అప్పుడు చూస్తే తప్పు తిండి రకంలో కన్నా తిండి చిక్కదనంలో ఉంది. గిన్నెడు రాగిజావ తాగేది పిల్ల, కడుపు డప్పులా ఉండేది. ఆ గిన్నెలో పిండి ఒక చెంచా, మిగతాది నీళ్లు. పిల్లల కడుపు వాళ్ల పిడికిలికి కాస్త పెద్దగా ఉంటుంది. దాన్ని నీళ్లతో నింపితే ఇక దేనికీ చోటుండదు.

అందుకని జావ చేసే తీరు మార్చాము. రాగులు ఒక రాత్రి నానబెట్టి, బట్టలో మూటకట్టి, మొలకలు వచ్చాక ఎండబెట్టి, కొంచెం వేయించి పట్టించుకోవాలి. ఈ మొలకపిండిలో ఒక గుణం ఉంది. మామూలు రాగిపిండితో గరిటె నిలబడేంత గట్టిగా సంకటి వండి, దించి, కాస్త చల్లారాక ఒక చెంచా మొలకపిండి కలిపితే కొన్ని నిమిషాల్లో అది తానే జారుగా అవుతుంది. మళ్లీ ఒక్క పొంగు రానిచ్చి పెట్టాలి. నీళ్లు పోయకుండానే పలచనైంది కాబట్టి, గిన్నె అంతే, పిండి మాత్రం రెండు మూడింతలు. మా అమ్మ కాలంలో మొలకరాగి ఉండేది. ఎందుకో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

రెండోది నూనె. పాలు, నెయ్యి, పల్లీలు మూడూ లేని ఇంట్లో బలం ఎక్కడినుంచి రావాలి? ఒక చిన్న చెంచా నూనెలో 45 క్యాలరీల దాకా ఉంటాయి. చిన్న కటోరి అన్నంలో మూడోవంతుకు సమానం, చోటు మాత్రం ఆక్రమించదు. వండిన తర్వాత ముద్దలో కలపాలి, పూటకు ఒక చిన్న చెంచా. నెయ్యి ఎందుకు కాదంటే, అందులో పాల అంశ కొద్దిగా మిగిలే ఉంటుంది. మా పిల్లకు వద్దన్నారు. గానుగ పల్లీనూనె అసలే వద్దన్నారు. మనవైపు కుసుమ నూనెకు కొదవ లేదు, మరాఠీవాళ్లు కరడి తేల్ అంటారే, అదే. ఇల్లంతా దానికే మారాము.

మూడోది పల్లీపొడికి బదులు. దీనికి నాకు చాలా రోజులు పట్టింది. వంకాయలో పల్లీపొడి, పోహాలో పల్లీలు, ఠేచాలో పల్లీలు, ఉపవాసం రోజు సాబుదానా కిచిడీ నిండా పల్లీలు, భాకరి పక్కన చట్నీ. చేయి దానంతట అదే డబ్బా మీదికి పోయేది. ఇప్పుడు పుట్నాల పొడి. పుట్నాలు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి, కారం వేసి దంచితే భాకరికి ఢోకా లేదు. పల్లీలు పడనివారిలో ఎక్కువమందికి శనగలు పడతాయి, అందరికీ కాదు, మేము అడిగే పెట్టాము. పుట్నాలను గింజలుగా మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. పొడి కొట్టి, బెల్లం, కొంచెం నూనె కలిపి ఉండ కడితే మా పిల్ల పదిగంటలకు ఒకటి, సాయంత్రం ఒకటి తింటుంది.

మావాడు మాత్రం మొదట మొండికేశాడు. "శేంగా చట్నీ లేకుండ భాకరి ఎట్ల దిగుతదమ్మా?" అన్నాడు. పన్నెండు గంటలు సాంచెల మీద నిలబడి వచ్చినవాడికి ఏం చెప్పాలి? కోడలే తెగేసి చెప్పింది. చట్నీ కార్ఖానాలో తిను, చేతులు, మూతి సబ్బుతో కడుక్కుని ఇంట్లో అడుగుపెట్టు, లేకపోతే పిల్లను ముద్దు పెట్టుకోకు. ఇప్పుడు వాడు గుమ్మంలోనే కొళాయి దగ్గరికి పోతాడు. మిక్సీ గిన్నె ఒకటి కొత్తది కొన్నాము. ఒక్క గది ఇంట్లో వేరే చెంచా, వేరే గిన్నె అంటే నవ్విన చుట్టాలు ఉన్నారు. నవ్వనీ.

పొద్దున ఏడింటికి మొలకరాగి జావ, బెల్లంతో. పదింటికి పుట్నాల ఉండ లేదా అరటిపండు. మధ్యాహ్నం మెత్తటి అన్నం, గరిటెజారు కాకుండా గట్టి పప్పు, అందులో సగం గుడ్డు చిదిమి. మునగాకు దొరికిన రోజు పప్పులో వేస్తాము. నాలుగింటికి ఉడికించిన చిలగడదుంప, లేదంటే బతుకమ్మకు చేసే మలీద, నెయ్యికి బదులు నూనెతో. రాత్రి జొన్నభాకరి పప్పులో నానబెట్టి నలిపి. ఆదివారం కోడికూర ముక్క సన్నగా తరిగి. ఇదేమీ ఖరీదైన తిండి కాదు. అంగళ్లలో దొరికే బలం పొడుల డబ్బాలు చాలావాటిలో పాలపొడే ఉంటుంది, అలర్జీ బిడ్డకు అవి పనికిరావు. పాలు పడని చంటిపిల్లల కోసం వేరే డబ్బా ఉంది, డాక్టరు రాస్తేనే వాడాలి, నేతగాడి పగారుకు అందే ధర కాదు. ఏడాది దాటి అన్నీ తినే పిల్లకు అది లేకుండా గడుస్తుందన్నారు మాకు. ఏడాది లోపు బిడ్డ అయితే ఆ మాట వర్తించదు, తప్పక చూపించండి. చన్నుపాలు ఉంటే రెండేళ్లు దాటినా మాన్పించనక్కర లేదు.

ఒక్క లోటు ఉంది. పాలు లేకపోతే సున్నం తగ్గుతుంది, ఎముకకు కావలసిన కాల్షియం. ఈ వయసుకు రోజుకు 500 మిల్లీగ్రాములు కావాలి. గుప్పెడు రాగిపిండిలో, అంటే 30 గ్రాముల్లో, 100 వస్తుంది. నువ్వులు, మునగాకు వేసినా తిండితో నిండడం కష్టం. డాక్టరు సిరప్ రాసింది, విటమిన్ డి చుక్కలు కూడా. తిండే మందు అని ఈ శీర్షికలో నేను చాలాసార్లు రాశాను. సిరప్ విషయంలో ఆ మాట పక్కన పెట్టండి.

మేకపాలు పట్టమన్నవాళ్లు చాలామంది. గాడిదను గల్లీల్లో తిప్పుతూ చిన్న గ్లాసుతో పాలు అమ్మేవాడు మా గుమ్మం ముందే ఆగి, ఒక్క గ్లాసుతో దద్దుర్లన్నీ మాయం అన్నాడు. ఆవుపాలు పడని పిల్లల్లో ఎక్కువమందికి బర్రెపాలు, మేకపాలు కూడా పడవు, ఆ పాలన్నీ లోపల ఒక్క చుట్టరికమే. కాచని పాలు ఏ జంతువువైనా పసిపిల్లకు వద్దు. చాయ్ కూడా మానిపించాము. పాలు లేని చాయ్ అయినా ఆకలి చంపుతుంది, తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. అంగన్‌వాడీలో ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల గోళీ వేయించాము. కోడలు తునికాకు, తంబాకు ముట్టిన చేతులు కడుక్కోకుండా ముద్ద పెట్టదు. పిల్ల చాట పక్కన పడుకోదు.

ఇంటి బయట కాపలా కాయడం ఇంకా కష్టం. సంక్రాంతికి తిల్‌గుళ్ ఇచ్చి తీపి మాటలాడమంటారు మనవైపు. ఆ లడ్డూలో నువ్వులతో పాటు పల్లీపొడి కలుపుతారు. బతుకమ్మ సత్తుల్లో పల్లీసత్తు ఉంటుంది. సత్యనారాయణ పూజ షీరాలో పాలు, నెయ్యి. రాఖీ పున్నమికి మార్కండేయ రథం చూడను పోతే ఎవరో ఒకరు పిల్ల నోట్లో పేడా పెడతారు. ప్రేమతోనే పెడతారు, నేనూ ప్రేమతోనే పెట్టాను. అందుకని కోడలు ఇంట్లో చేసిన పెసరసత్తు ఉండలు డబ్బాలో తీసుకుపోతుంది. ఎవరైనా ఏదైనా ఇస్తే పిల్లే "మా అమ్మనడుగు" అంటుంది. రెండున్నరేళ్ల పిల్లకు ఈ మాట మేము నేర్పామంటే ఎన్నిసార్లు చెప్పామో చూసుకోండి.

ప్యాకెట్ వస్తువు అయితే వెనక ఇంగ్లీషులో 'కంటెయిన్స్' అని మొదలయ్యే గీత చదివించుకోండి. పాలు, గుడ్డు, పల్లీలు, గోధుమ, సోయా, చేప వంటివి ఉంటే అక్కడ రాయాలని చట్టం ఉంది. పదార్థాల చిట్టాలో 'మిల్క్ సాలిడ్స్', 'వే', 'కేసీన్' అని ఉంటే అవన్నీ పాలే. చదువురాకపోతే బడికి పోయే పిల్లలతో చదివించండి. బేకరీలో విడిగా అమ్మేవాటికి ఏ గీతా ఉండదు, కొనకండి.

అంగన్‌వాడీలో సేవికకు నోటిమాటగా కాదు, కాగితం మీద రాసి ఇవ్వండి. ఒకటి ముఖ్యం. తీవ్రంగా చిక్కిపోయిన పిల్లలకు కొన్నిచోట్ల పేస్టు ప్యాకెట్లు ఇస్తారు. మామూలుగా అందులో పల్లీలు, పాలపొడి రెండూ ఉంటాయి. పిల్లవాడు సన్నగా ఉన్నాడని జాలితో ఇచ్చేదే మన పిల్లకు విషం కావచ్చు. అడగండి.

ఇంత చేసినా పొరపాటున నోట్లో పడితే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. నాలుగు దద్దుర్లే అయితే డాక్టరు ఇచ్చిన సిరప్ పోసి కనిపెట్టి ఉండొచ్చు. దగ్గు, పిల్లికూతలు, గొంతు బొంగురు, నాలుక వాపు, ఆగని వాంతులు, పిల్ల వాలిపోవడం, వీటిలో ఏది కనిపించినా సిరప్ కోసం వెతకొద్దు. దానికి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఒక్కటే. 108కి ఫోను చేయండి, లేదా దొరికిన బండి ఎక్కండి. పిల్లను నిలబెట్టి నడిపించకండి, పడుకోబెట్టి తీసుకుపోండి, ఊపిరి ఆడకపోతే ఒళ్లో కూర్చోబెట్టండి. దవాఖాన గుమ్మంలోనే "పల్లీలు తిన్నది, అలర్జీ" అని గట్టిగా చెప్పండి. నేను ఆ రోజు ఏం పెట్టానో చెప్పడానికి సిగ్గుపడి ఒక్క నిమిషం నోరు మెదపలేదు. ఆ నిమిషం ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

బిడ్డా, నీ కొడుకు సంగతికి వస్తాను. 9 కిలోల 100 అంటే తక్కువే, తీవ్రం కాదు. అంగన్‌వాడీలో జబ్బ చుట్టూ రంగుల పట్టీ పెట్టి కొలిపించు. 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే, లేదా రెండు పాదాలూ వాచి నొక్కితే గుంట పడుతుంటే, అసలు తిండే ముట్టకపోతే, ఇంట్లో కూర్చోకు, పెద్ద దవాఖానకు పో. లేకపోతే ఈ వారం ఒక కాగితం తీసుకో. మానేసినవన్నీ రాయి. ప్రతిదాని పక్కన ఎంత తిన్నాడు, ఎంతసేపటికి, ఎన్నిసార్లు అని మూడు గళ్లు గియ్యి. రాయను గుర్తుకు రాకపోతే ఖాళీ వదిలెయ్యి, ఆ ఖాళీ గళ్లు చూస్తేనే నీకు కొంత తెలుస్తుంది. ఆ కాగితం పట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరికి పో. మీ అత్తను కూడా తీసుకుపో. నా మాట విను, తప్పక తీసుకుపో. కోడలు చెబితే నేను వినలేదు, అదే మాట డాక్టరమ్మ ఎదుట కూర్చుని విన్నాక నా నోరు మూతపడింది.

నెలకోసారి ఒకే కాటా మీద, బట్టలు తీసి తూచు. రోజూ తూచితే పిచ్చి పడుతుంది. ఈ వయసులో మామూలు పిల్లలు నెలకు 200 గ్రాముల దగ్గర పెరుగుతారు. మనవాళ్లు వెనకబడ్డవాళ్లు కాబట్టి కొంచెం ఎక్కువ రావాలి. ఒక నెల జ్వరమొచ్చి ఆగితే గాబరాపడకు, రెండు నెలలు కదలకపోతే చూపించు. తిననని మూతి తిప్పుకుంటే ముక్కు మూసి కుక్కకు. గిన్నె దించి, గంటన్నర ఆగి మళ్లీ పెట్టు.

మా పిల్లకు ఇప్పుడు రెండేళ్ల ఎనిమిది నెలలు. మొన్న తూచితే 10 కిలోల 600. ఇంకా సన్నగానే ఉంది, పక్కింటి పిల్లతో నిలబెడితే భుజం కిందికే వస్తుంది. పోయిన నెల కోడలి తల్లికి బాగలేదని ఫోనొచ్చింది. రెండు రోజులకు ఊరు పోవాలి, పిల్లను బస్సులో తిప్పలేదు. పొద్దున లేచి చూస్తే పొయ్యి పక్కన పిల్ల గిన్నె, పిల్ల చెంచా, పుట్నాల డబ్బా వరుసగా పెట్టి ఉన్నాయి. శేంగా చట్నీ సీసా ఇంట్లో లేదు, పక్కింటికి ఇచ్చేసి వచ్చింది. గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "పదింటికి ఉండ పెట్టుడు మర్చిపోకు అత్తమ్మా" అన్నది.

మర్చిపోలేదు. నీ కాగితం, నీ కొడుకు తూకం వచ్చే నెల రాసి పంపు బిడ్డా.